పంచాయతీ ఎన్నికలపై శాసనవ్యవస్థ అధికారానికి హద్దు ఎక్కడ?

ప్రశ్న:
నేను హైదరాబాద్‌లో న్యాయశాస్త్రం చదువుతున్నాను. రాజ్యాంగంలోని 243-కె అధికరణం నాలుగో క్లాజు పంచాయతీ ఎన్నికలకు సంబంధించిన అన్ని విషయాలపైనా చట్టం చేసే అధికారాన్ని రాష్ట్ర శాసనవ్యవస్థకు ఇస్తోంది. మరి బీసీలకు 42 శాతం స్థానాలు కేటాయిస్తూ 2025 సెప్టెంబరులో వచ్చిన జీవోపై అక్టోబరు 9న మన హైకోర్టు ఏ ప్రాతిపదికన స్టే ఇచ్చింది? తుది తీర్పు ఎలా ఉండవచ్చు?

జవాబు 1:
ఆ క్లాజును మొదటి మాట నుంచి చదవండి. ‘ఈ రాజ్యాంగ నిబంధనలకు లోబడి’ అన్న షరతుతోనే అది మొదలవుతుంది, చిక్కంతా అక్కడే ఉంది. స్థానిక సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు మొత్తం కలిపి 50 శాతం దాటరాదని 2010లో కె. కృష్ణమూర్తి కేసులో ఐదుగురు సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాలకు మాత్రమే మినహాయింపునిచ్చింది. ఆ తీర్పు నిలిచి ఉన్నంతకాలం హైకోర్టు దానిని దాటి వెళ్లలేదు. బీసీల జనాభాను చూస్తే 42 శాతం న్యాయమైన కోరికేనని నేను గట్టిగా నమ్ముతాను, కానీ దానికి దారి సుప్రీంకోర్టులోనో, రాజ్యాంగ సవరణలోనో వెతకాలి.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. 243-ఓ అధికరణం నియోజకవర్గాల విభజన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించరాదంటుంది. రిజర్వేషన్ శాతం ఆ రక్షణ కిందికి వస్తుందా అన్నదే అసలు వాదన. నా ఉద్దేశంలో రాదు. అయితే వాదనలు సాగినన్నాళ్లూ ఎన్నికలు ఆగకూడదు. 2024 ఆరంభంలో పాలకవర్గం గడువు ముగిశాక మా ఊళ్లో సర్పంచ్ కుర్చీ ఖాళీగా ఉండి, వీధిదీపం మార్చడానికీ ప్రత్యేకాధికారి సంతకం కోసం వారాల తరబడి ఎదురుచూశాం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కృష్ణమూర్తి తీర్పు పూర్తి పాఠం ఈ రాత్రే చదువుతాను.