తెలుగు, ఒడియా అక్షరాలతో హెచ్‌టీఎంఎల్ ఈమెయిలు: బొమ్మగా పంపాలా, అక్షరాలుగా పంపాలా?

ప్రశ్న: పట్టుకొట్టు, బరంపురం

అందరికీ నమస్కారం. బరంపురంలో మాది పట్టుచీరల కొట్టు. కుంభం అంచు చీరలు కొన్నవారిలో ఇష్టపడి ఇచ్చినవారి ఈమెయిలు చిరునామాలను కొన్నేళ్ళుగా పుస్తకంలో రాసుకుంటూ రాగా, ఇప్పటికి 1,800 దాకా పోగయ్యాయి. వారిలో సగానికి పైగా విశాఖపట్నం, శ్రీకాకుళం, హైదరాబాదులలో ఉన్న తెలుగువారు. మిగిలినవారు భువనేశ్వర్, కటక్ వైపు ఒడియావారు. నెలకొక ఉత్తరం పంపి, కొత్తగా మగ్గం దిగిన చీరలు చూపించాలన్నది మా ఆలోచన. రెండు నెలలు పంపాము, రెండుసార్లూ దెబ్బతిన్నాము.

మొదటి నెల, మాకు కరపత్రాలు చేసిపెట్టే డీటీపీ ఆయన చేత ఒక పోస్టరు వేయించి, ఆ జేపెగ్ బొమ్మనే ఉత్తరంగా పంపాము. కానీ ఆఫీసు కంప్యూటరులో తెరిచిన ఒకావిడ ఖాళీ గడి తప్ప ఏమీ కనిపించలేదని ఫోను చేశారు. ఫోనులో తెరిచినవారికి బొమ్మ వచ్చిందిగాని, తెరకు తగ్గట్టు కుదించుకుపోయి ధరలు చీమల బారులాగా ఉన్నాయట. రెండవ నెల అక్షరాలుగానే పంపుదామని డీటీపీ మ్యాటరు తెప్పించుకుంటే, అది యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో ఉండటం వల్ల ఈమెయిలులో అతికించగానే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా మారిపోయింది. చివరికి మా అబ్బాయి అంతా, ఏ యంత్రంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసి, వర్డ్‌లో రంగులూ గళ్ళూ దిద్ది, దానిని ఉన్నదున్నట్టు మెయిలింగ్ సాఫ్ట్‌వేర్‌లో అతికించాడు. ఈసారి జీమెయిల్ ఉత్తరాన్ని సగంలో కోసేసి, మిగతాది చూడాలంటే ఇక్కడ నొక్కమని ఒక లింకు పెట్టింది. "ఇకపై పంపవద్దు" అనే లింకు ఆ కోసిన భాగంలోనే ఉండిపోయింది. విసిగినవారు కొందరు స్పామ్ అని నొక్కినట్టున్నారు. ఇప్పుడు మా సొంత మేనత్తగారికి పంపినా స్పామ్‌లోకే పోతోంది.

జూన్‌లో రజ పండుగకు ముందు ఒక మంచి ఉత్తరం పంపాలి. తెలుగు, ఒడియా రెండూ ఉండాలి, చీరలూ కనిపించాలి. ఎలా కట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: టేబుల్‌లో టేబుల్, రాయగడ

పట్టుకొట్టు గారూ, రాయగడలో ఇంటి నుంచే ఈమెయిలు టెంప్లేట్లు రాసి బతుకుతున్నవాడిని కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మీ ఉత్తరం ఎందుకు తెగిందో చూద్దాం. ఒక ఈమెయిలులోని హెచ్‌టీఎంఎల్, అంటే ఉత్తరం రూపాన్ని చెప్పే గుర్తులతో కూడిన రాత, సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ దానిని అక్కడితో కోసేస్తుంది. సర్వరులో ఉంచి లింకుతో చూపించే బొమ్మల బరువు ఈ లెక్కలోకి రాదు, రాత బరువు మాత్రమే వస్తుంది. వర్డ్ నుంచి అతికించినప్పుడు మీ అబ్బాయి టైపు చేసిన ప్రతి ముక్క చుట్టూ వర్డ్ తన స్టైలు చెత్తను నాలుగింతలు చుట్టి పంపుతుంది. అది చాలదన్నట్టు మన లిపుల బరువు ఒకటి ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగు, ఒడియా లిపుల్లో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు కావాలి. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరమేగాని కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఇంకొక అడుగు ముందుకు వేసి, "స" ఉన్నచోట ఆంపర్‌శాండ్, హ్యాష్, 3128, సెమీకోలన్ అని రాసేస్తాయి; అప్పుడు ఒక్కొక్క సంకేతానికి ఏడు బైట్లయి, అదే "స్త్రీ" 42 బైట్లవుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో "సోర్సు" తెరిచి చూడండి. తెలుగు అక్షరాలకు బదులు ఈ అంకెలు కనిపిస్తే, ఆ మార్పిడిని ఆపే సెట్టింగు వెతకండి. వర్డ్ నుంచి ఏదైనా తేవలసివస్తే ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్కడి నుంచి తీసుకోండి. ఈ రెండు పనులతోనే మీ ఉత్తరం బరువు బాగా దిగిపోతుంది.

ఇక కట్టడం సంగతి. విండోస్‌లోని పాత అవుట్‌లుక్ 2007 నుంచి వర్డ్ ఇంజిన్‌తోనే ఈమెయిలును గీస్తోంది. వెబ్‌సైట్లలో వస్తువులను పక్కపక్కన అమర్చడానికి మనం హాయిగా వాడుకునే ఫ్లెక్స్, ఫ్లోట్ వంటివి దాని దగ్గర పనిచేయవు. అందుకే ఈమెయిళ్ళు రాసేవాళ్ళు ఇప్పటికీ ఇరవై ఏళ్ళ క్రితంలాగా టేబుల్‌లో టేబుల్ పెట్టి కడుతుంటారు, నా పేరు అక్కడి నుంచే వచ్చింది. 600 పిక్సెళ్ళ వెడల్పుతో ఒక టేబుల్, అందులో ఒకే నిలువు వరుస పెట్టుకోండి. పక్కపక్కన రెండు చీరలు పెట్టి ఫోనులో ఒకదానికింద ఒకటి వచ్చేలా చేయవచ్చుగాని, దానికి వాడే, తెర వెడల్పునుబట్టి రూపం మార్చే మీడియా క్వెరీలు, జీమెయిల్ యాప్‌లో వేరే కంపెనీ ఖాతా పెట్టుకుని చదివేవారికి పనిచేయవు. ఒకే వరుస అయితే ఆ బాధే లేదు. రంగులు, సైజుల వంటి స్టైళ్ళను ప్రతి గడిలోనూ ఇన్‌లైన్‌గా, అంటే ఆ గడి ట్యాగ్‌లోనే రాయండి. జావాస్క్రిప్టు, వీడియో ప్లేయర్ల జోలికి పోవద్దు.

చీరల బొమ్మలను 1200 పిక్సెళ్ళ వెడల్పుతో తయారుచేసి 600లో చూపిస్తే ఫోనుల్లో జరీ మెరుపు స్పష్టంగా వస్తుంది. అయితే ఆ 600 అన్న అంకెను స్టైళ్ళు రాసే సీఎస్ఎస్‌లోనే కాక, బొమ్మ ట్యాగ్‌లోని విడ్త్ అనే చోట కూడా రాయాలి. లేకపోతే అవుట్‌లుక్ 1200గానే పరిచి ఉత్తరాన్ని తెర బయటికి తోసేస్తుంది. జేపెగ్, పీఎన్‌జీ తప్ప వేరే రకాలు వద్దు. బొమ్మలను అడ్డుకునే ఆఫీసు కంప్యూటర్ల కోసం ప్రతి బొమ్మకూ ఆల్ట్ పాఠం, అంటే బొమ్మ రాకపోతే దాని చోట కనిపించే మాటలు రాయండి, అదీ "ఫోటో 1" అని కాదు: "ముదురాకుపచ్చ పట్టుచీర, ఎర్ర కుంభం అంచు" అని. అప్పుడు ఆ ఆఫీసావిడకు బొమ్మ రాకపోయినా చీర ఏదో తెలుస్తుంది. పేరు, ధర, ఫోను నంబరు మాత్రం ఎప్పుడూ బొమ్మలో ఉండకూడదు, అక్షరాలుగానే ఉండాలి.

ఫాంటు విషయంలో ఆశ పెట్టుకోవద్దు. మీరు మెచ్చిన వెబ్‌ఫాంటును జీమెయిల్ తెచ్చిపెట్టదు. చదివేవారి యంత్రంలో ఏది ఉంటే అదే వస్తుంది. విండోస్‌లో నిర్మలా యూఐ తెలుగు, ఒడియా రెండింటినీ చూపిస్తుంది, ఆండ్రాయిడ్‌లో నోటో ఉంటుంది. సైజు 16 కంటే తగ్గించవద్దు. అక్షరాల మధ్య ఎడం పెంచడం, వాలు అక్షరాలు వాడటం ఇంగ్లీషుకు నప్పుతాయేమోగాని, మన లిపులకు చూడ ముచ్చటగా ఉండవు.

సమాధానం: కొమ్ముబొమ్మ, పర్లాకిమిడి

పై వారు చెప్పినవన్నీ సరైనవే. అయినా ఒక చిన్న భేదాభిప్రాయం. మేము పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు అమ్ముతాము. మొదట్లో మేము కూడా ఎనిమిది బొమ్మలు, నాలుగు బటన్లు, పైన బ్యానరు పెట్టి పంపేవాళ్ళం. ఒకసారి సమయం లేక, ఒక కొంగ బొమ్మ ఫోటో మాత్రం పెట్టి, దానిని చేయడానికి ఎన్ని రోజులు పట్టిందో ఆరు వాక్యాలలో రాసి పంపాను. అంతకుముందు ఏ ఉత్తరానికీ రానన్ని జవాబులు దానికి వచ్చాయి. మీరు కూడా నెలకు పన్నెండు చీరలు చూపించే బదులు మూడు చూపించి, నేసినవారి గురించి రెండు మాటలు రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇంకొకటి, తెలుగు, ఒడియా రెండూ ఒకే ఉత్తరంలో పెట్టవద్దు. ఒడియా ఖాతాదారు తనకు రాని లిపిని దాటుకుంటూ కిందికి జరపాలి, తెలుగువారు కింది సగం వృథాగా మోయాలి. చిరునామాల జాబితాను రెండుగా విడదీసి, ఒకే టెంప్లేటులో రెండు ఉత్తరాలు పంపండి. ఎవరికి ఏ భాష కావాలో తెలియకపోతే ఒకసారి అడగండి. మన వైపు పేరునుబట్టి భాష ఊహిస్తే తప్పులో కాలేసినట్టే.

సమాధానం: టేబుల్‌లో టేబుల్, రాయగడ

కొమ్ముబొమ్మ గారి మాటతో ఏకీభవిస్తున్నాను, భాషలను విడదీయడం గురించి నేనే ముందు చెప్పి ఉండవలసింది. విడదీసినప్పుడు హెచ్‌టీఎంఎల్ మొదట్లో భాష గుర్తును కూడా మార్చండి: తెలుగుకు టీ-ఈ, ఒడియాకు ఓ-ఆర్. స్క్రీన్ రీడరుతో వినేవారికి అది అవసరం. కానీ చీరకు ఒక్క బొమ్మ సరిపోదు, కొంగు వేరుగా, అంచు వేరుగా చూడనిదే మన ఆడవాళ్ళు అడుగు ముందుకు వేయరు. మూడు చీరలు, ఆరు బొమ్మలు అంటే నాకు సమ్మతమే.

సమాధానం: తపాలాపెట్టె, జయపురం

స్పామ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉత్తరం ఎంత అందంగా ఉన్నా అది చేరకపోతే ప్రయోజనం లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ చిరునామాలకు పంపే ప్రతివారికీ, ఉత్తరం నిజంగా వారి డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ధ్రువీకరణ ఉండాలి. రోజుకు 5,000కు మించి పంపేవారికి ఆ రెండూ, వాటితోపాటు ఆ రుజువు తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే డీమార్క్, ఒక్క నొక్కుతో విరమించుకునే సదుపాయం కూడా తప్పనిసరి. మీరు ఆ లెక్కలోకి రాకపోయినా అన్నీ పెట్టుకోవడమే మేలు. ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్నది అందరికీ వర్తిస్తుంది. మీ 1,800 మందీ జీమెయిల్ వారే అనుకుంటే ఆరుగురు స్పామ్ నొక్కితే ఆ గీత దాటినట్టే. అందుకే విరమణ లింకును అడుగున దాచకుండా పైన, తేదీ పక్కనే పెట్టమంటాను. వెళ్ళిపోవాలనుకున్నవారికి దారి చూపిస్తే వారు ఫిర్యాదు చేయరు. పంపే చిరునామా జీమెయిల్‌ది కాకుండా మీ సొంత డొమైన్‌ది అయి ఉండాలి.

ఎంతమంది తెరిచారన్న అంకెను చూసి మురిసిపోవద్దు. 2021లో వచ్చిన గోప్యతా సదుపాయాన్ని ఆన్ చేసుకున్నవారి ఉత్తరంలోని బొమ్మలను ఆపిల్ మెయిల్ తానే ముందుగా తెచ్చిపెట్టుకుంటుంది కనుక, చదవనివారు కూడా తెరిచినట్టే లెక్కపడతారు. ఎంతమంది లింకు నొక్కారు, ఎంతమంది కొట్టుకు ఫోను చేశారు అన్నదే చూసుకోండి.

తిరుగు జవాబు: పట్టుకొట్టు, బరంపురం

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే మూడు చీరలతో, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి కట్టి, ఇంట్లోవాళ్ళ ఫోనులకు, తెలిసిన ఒక ఆఫీసు కంప్యూటరుకు పరీక్షగా పంపాము. తెలుగు ఉత్తరం 19 కిలోబైట్లే ఉంది, ఎక్కడా తెగలేదు. అయితే రెండు లోపాలు కనిపించాయి. ఆఫీసు అవుట్‌లుక్‌లో శీర్షికలోని వత్తులు కింద సగానికి కోసేసినట్టు కనిపించి, "పట్టు వస్త్రాలు" కాస్తా "వసాలు" అన్నట్టు తయారైంది. మా తమ్ముడి ఫోనులో నల్లని నేపథ్యం పెట్టుకోవడంతో మా కొట్టు లోగో మాయమైంది.

సమాధానం: టేబుల్‌లో టేబుల్, రాయగడ

వత్తులు తెగడానికి కారణం మీరు తీసుకున్న టెంప్లేటులో ఉంది. అందులో అవుట్‌లుక్ కోసం వరుస ఎత్తును "ఎగ్జాక్ట్‌లీ" అని బిగించే ఒక మాట ఉంటుంది. ఇంగ్లీషు కోసం రాసిన టెంప్లేటులో 24 సైజు శీర్షికకు 28 ఎత్తు ఇచ్చి ఉంటారు. వాళ్ళకు కింద వేలాడేవి పెద్దగా లేవు కనుక సరిపోతుంది. మనకు "స్త్ర"లో కిందికి రెండు వత్తులు దిగుతాయి, వాటిని అవుట్‌లుక్ గీత దగ్గర నిర్దాక్షిణ్యంగా కోసేస్తుంది. శీర్షికకు 40, మామూలు రాతకు 28 ఇవ్వండి, లేదా ఆ "ఎగ్జాక్ట్‌లీ" మాటను తీసేయండి. ఒడియాకూ ఇదే చేయండి.

లోగో మీరు పారదర్శకమైన పీఎన్‌జీగా, నల్ల అక్షరాలతో చేయించి ఉంటారు. డార్క్ మోడ్‌లో నలుపు మీద నలుపు పడితే ఏముంటుంది? అక్షరాల చుట్టూ సన్నని తెల్లని అంచు వేయించండి, లేదా తెల్ల పలక మీదే లోగో ఉంచండి.

తిరుగు జవాబు: పట్టుకొట్టు, బరంపురం

ఎత్తు పెంచాక వత్తులు పూర్తిగా కనిపిస్తున్నాయి. లోగోకు తెల్ల పలక పెట్టించాము. మా నాన్నగారికి మాత్రం అది నచ్చలేదు, పాత బోర్డు మీద ఉన్నట్టే ఉండాలంటున్నారు. ఆయన ఫోనులో డార్క్ మోడ్ పెట్టి చూపిస్తాను.