పార్కు డిజైన్‌కి జనాన్ని ఏం అడగాలి?

నక్షా_01: ఒక ఖాళీ స్థలాన్ని చిన్న పార్కుగా మార్చే పనిలో ఉన్నాం. చుట్టుపక్కల వాళ్లకి ఫారాలు పంచి ఏం కావాలో రాయమంటే అందరిదీ ఒకటే పాట: ఫౌంటెన్, వాకింగ్ ట్రాక్, జిమ్ సామాను, లైట్లు. అన్నీ పెడితే కూర్చోడానికి చోటే మిగలదు. వాళ్లు నిజంగా దేనికి విలువిస్తారో ఎలా పట్టుకోవాలి?

చెట్టునీడ: ఫారాలు పక్కన పెట్టి వెళ్లి చూడండి. ఏం కావాలని అడిగితే ఎవరైనా ఇంకో పార్కులో చూసిందే చెప్తారు. నగరాల్లో జనం ఎలా మసలుతారో పరిశీలించిన విలియం వైట్ 1970ల్లో న్యూయార్క్ ప్లాజాల్లో (పెద్ద బిల్డింగుల ముందుండే ఖాళీ ఆవరణల్లో) కెమెరాలు పెట్టి జనాన్ని గమనిస్తే తేలింది ఏంటంటే, కూర్చునే వీలున్న చోటే జనం ఉంటారు, అంతే. విడి కుర్చీ వేస్తే అవసరం లేకపోయినా కాస్త జరిపి మరీ కూర్చుంటారు, ఎందుకంటే ఎండలో ఉండాలా, పక్కవాళ్లకి ఎంత దూరంలో ఉండాలా అన్నది తమ ఇష్టం కావాలి. అక్కడి బ్రయంట్ పార్కు అప్పట్లో డ్రగ్స్ అమ్మేవాళ్ల అడ్డా. వీధి కంటే ఎత్తులో ఉండేది, చుట్టూ పొదలు, లోపల ఎవరున్నారో బయటికి కనపడదు. వైట్ సలహాతో పొదలు తీసేసి, దారులు వెడల్పు చేసి, విడి కుర్చీలు వేసి 1992లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు మధ్యాహ్నం పూట కిటకిటలాడుతుంది.

రెండోవైపు: బాగుంది, కానీ రానివాళ్లని ఎలా గమనిస్తారండీ? వియన్నాలో 1990ల చివర్లో చూస్తే తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకి రావడం బాగా తగ్గిపోయింది, మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. ఉన్న స్థలం కోసం వాళ్లతో పోటీ పడలేక మానేశారన్నమాట. 1999లో రెండు పార్కుల్లో నడకదారులు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టి, పెద్ద మైదానాన్ని మొక్కలతో విడగొడితే ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

నక్షా_01: మరి లైట్లు? దాదాపు అందరూ రాశారు.

చెట్టునీడ: లైట్లు అడిగారంటే ఎక్కడో భయపడుతున్నారు, ఆ చోటు ఏదో అడగండి. ఒకచోట ఫ్లడ్‌లైట్ కొడితే పక్కనున్న చీకటి ఇంకా చీకటవుతుంది. ఏం కావాలని కాకుండా ఎవరితో వస్తారు, ఏ టైంకి, ఎందుకు తొందరగా వెళ్లిపోతారు అని అడిగితే పనికొచ్చే జవాబులొస్తాయి. దారులకి కూడా ఇప్పుడే కాంక్రీటు పోయకండి, కాలిబాట ఎక్కడ పడుతుందో చూశాక పోయొచ్చు.

రెండోవైపు: టాయిలెట్ ఊసే ఎవరూ ఎత్తలేదు! అది లేకపోతే పెద్దవాళ్లు, చిన్నపిల్లల తల్లులు ఎక్కువసేపు ఉండరు. ఫారంలో మాత్రం మొహమాటానికి ఎవరూ రాయరు.