స్టాప్‌వాచ్‌లో నూరో వంతు సెకన్లు చూపాలా, వద్దా?

మెట్లబాట (తిరుపతి): నేను రాస్తున్న స్టాప్‌వాచ్ యాప్ మొదట 05:30:00 నుంచి మొదలైంది! గడిచిన మిల్లీసెకన్లను తేదీగా మార్చే ఫార్మాటర్‌కు ఇచ్చాను. అది ఫోను కాలం లెక్క మొదలయ్యే 1970 జనవరి 1 (గ్రీనిచ్ సమయం)కి మన దేశపు ఐదున్నర గంటల తేడా కలిపింది. భాగహారంతో సరిచేశాను. ఇప్పుడు సందేహం: గంట దాటితే 1:02:05 అనాలా, 62:05 అనాలా? నూరో వంతులు ఉంచాలా?

బెల్లంమండి (చిత్తూరు): నూరో వంతులు తీసేయండి. వేలితో నొక్కే గడియారానికి అవి ఎందుకు?

కాణిపాకందారి: గంటలు చూపండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, ఆ ఆయాసంలో 150:12ను అరవైతో భాగించాలా?

మెట్లబాట: సరే, 2:30:12. కానీ బెల్లంమండి గారూ, ఫోను మిల్లీసెకను దాకా లెక్క ఇస్తుంటే దాచడం ఎందుకు?

బెల్లంమండి: ఫోను ఇస్తుంది, వేలు ఇస్తుందా? చప్పుడు విని నొక్కేసరికి దాదాపు సెకనులో ఐదో వంతు పోతుంది. అందుకే అథ్లెటిక్స్‌లో చేతి గడియారం 10.11 చూపితే పైనున్న పదో వంతుకు పెంచి 10.2 అని రాస్తారు. నూరో వంతులు ఎలక్ట్రానిక్ టైమింగ్‌కే.

గోవిందరాజవీధి: ఇడ్లీలకు నిమిషాలు చాలు.

మెట్లబాట: మీరు పోటీల సంగతి చెబుతున్నారు, నేను యాప్ సంగతి అడిగాను. అసలు చిక్కు వేరే ఉంది. 59.996ను దగ్గరి నూరో వంతుకు సవరిస్తే 0:60.00 వస్తుంది. అందుకే మిగిలింది కత్తిరించి 59.99 చూపుతున్నాను.

బెల్లంమండి: సవరించినా, కత్తిరించినా అబద్ధమే.

పాకాలజంక్షన్: అన్ని అంకెలూ ఒకే వెడల్పున్న ఫాంట్ పెట్టండి. లేకపోతే 1 వచ్చినప్పుడల్లా వరుస కదులుతుంది.

మెట్లబాట: అబద్ధమా? మీరు ఒక్క యాప్ అయినా రాశారా సార్?

బెల్లంమండి: రాయలేదు బాబూ. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఒక ఎంపిక పోటీలో మా విద్యార్థినికి 14.34, పక్క అమ్మాయికి 14.31. రెండు ఫోన్లు, రెండు వేళ్లు. నియమం ప్రకారం రెండూ 14.4 కావాలి. అడిగితే, "ఫోనులోనే ఉంది కదా సార్" అన్నారు. ఆ పిల్ల మళ్లీ మైదానానికి రాలేదు. మీరు అందంగా పేర్చే ఆ చివరి రెండు అంకెలను జనం సాక్ష్యంగా చదువుతారు.

మెట్లబాట: బాధగా ఉంది మాస్టారూ. కానీ నియమం పాటించనిది నిర్వాహకులు. ఆ తప్పు నా యాప్ మీద వేస్తే ఎలా?

బెల్లంమండి: తప్పు వాళ్లదే. వాళ్ల చేతికి ఆధారం ఇచ్చింది ఎవరు?

మెట్లబాట: పరుగు సాగుతుండగా నూరో వంతులు, ఆపాక పైనున్న పదో వంతు. సెట్టింగుల్లో పెడతాను.

బెల్లంమండి: సెట్టింగుల్లోకి ఎవరు వెళతారు? మొదటి నుంచీ అదే ఉండాలి.

మెట్లబాట: అలా చేస్తే యాప్ పాడైందంటూ రేటింగులో ఒక్క చుక్క ఇచ్చి పోతారు మాస్టారూ.

బెల్లంమండి: ఇవ్వనివ్వండి.