కమోడోర్ 64లో రెండవ సిడ్ చిప్: ఫిల్టర్ ద్వారా వెళ్లే స్వరం దాదాపు వినిపించడం లేదు

1982లో విడుదలైన కమోడోర్ 64 ఇంటి కంప్యూటర్‌లో స్టీరియో ధ్వని కోసం, బోర్డుపై ఉన్న 6581 సిడ్ చిప్ (ధ్వనిని పుట్టించేది) మీద దాని తర్వాతి రకమైన 8580 చిప్‌ను పేర్చి, దాని 1 నుంచి 4 వరకు, అలాగే 8, 26, 27, 28 పిన్నులను పైకి వంచి, 26వది తప్ప మిగతావాటికి విడిగా తీగలు కలిపాను. ఏ5 అడ్రస్ లైను ఆధారంగా 8వ పిన్నుకు చిప్ సెలెక్ట్ (ఆ చిప్‌ను ఎంచుకునే సంకేతం) అందించడం వల్ల పాత చిప్ మెమరీ చిరునామా 54272 వద్ద, కొత్తది 54304 వద్ద వేర్వేరుగానే స్పందిస్తున్నాయి.

చిక్కు ఫిల్టర్‌తోనే వస్తోంది. కొత్త చిప్‌లోని మూడు స్వరాలూ నేరుగా స్పష్టంగా పలుకుతున్నా, 54327లో మొదటి స్వరాన్ని ఫిల్టర్‌కు మళ్లించి, 54328లో 31 రాసి లో-పాస్‌ను (తక్కువ పౌనఃపున్యాలను పంపే ఫిల్టర్ రీతిని) ఎంచుకున్న వెంటనే ఆ స్వరం సన్నని గుసగుసగా మారిపోతోంది. 54326లో కటాఫ్‌ను (ఫిల్టర్ హద్దు పౌనఃపున్యాన్ని) 255 వరకు పెంచినా మార్పు లేదు.

కొత్త చిప్ 28వ పిన్ను వద్ద 6581కు కావలసిన 12 వోల్టులు కాకుండా, ప్రత్యేక రెగ్యులేటర్ నుంచి 8580కి తగిన 9 వోల్టులే వస్తున్నాయని కొలిచి నిర్ధారించుకున్నాను. ఫిల్టర్ కెపాసిటర్లు కూడా 6581కు వాడే 470 పికోఫారడ్లవి కావు, 8580కి తగిన 22 నానోఫారడ్లవే. మరొక మంచి 8580 పెట్టినా ఫలితం ఇదే కాబట్టి చిప్‌ను అనుమానించడం లేదు.

కెపాసిటర్లకు వాడిన పది సెంటీమీటర్ల తీగలు ఇంతటి నష్టం కలిగించగలవా? ఖాళీగా వదిలేసిన 26వ పిన్నును (బయటి ధ్వని ఇన్‌పుట్‌ను) కెపాసిటర్ ద్వారా గ్రౌండ్‌కు కలపడం అవసరమా? ఈ పాత యంత్రాన్ని పాడుచేయకుండా పూర్తి చేయాలన్నదే నా ఆరాటం. తర్వాత ఏ పిన్నును, ఏ క్రమంలో పరీక్షించాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.