జరగని పెళ్ళిళ్ళ శుభలేఖలు: దాచాలా, తూకానికి వేయాలా?

ప్రశ్న (ప్రెస్సువాళ్ళ అబ్బాయి, తెనాలి):
మాది చిన్న ప్రింటింగు ప్రెస్సు. నాన్న 38 ఏళ్ళు నడిపి మొన్న మూసేశారు. అచ్చేసిన ప్రతిదీ ఒక కాపీ ఫైల్లో పెట్టడం ఆయన అలవాటు. సర్దుతుంటే 2020 ఏప్రిల్, మే ముహూర్తాల శుభలేఖలు 41 దొరికాయి. ఆ ఏడు మార్చి 25న, సరిగ్గా ఉగాది రోజున లాక్‌డౌన్ మొదలైంది కదా. నాన్నకు గుర్తున్నంతవరకు ఇందులో ఒక్క పెళ్ళీ కార్డులో వేసిన మండపంలో జరగలేదు. కొన్నిటి మీద ఆయన పెన్సిల్‌తో "వాయిదా", "ఇంట్లోనే", "రద్దు" అని రాసుకున్నారు.

"జరగనిదానికి చరిత్రేమిట్రా, తూకానికి వేసెయ్" అంటారు మా బావ. నాకు చేతులు రావడం లేదు. ఒకింటివాళ్ళు రెండుసార్లు వేయించారు. ఏప్రిల్ కార్డులో ఆహ్వానించువారిగా పెళ్ళికూతురి తాతగారి పేరుంది. శ్రావణంలో వేసిన రెండో కార్డులో ఆ పేరు ముందు "కీ.శే." చేరింది. మొదటిది పారేస్తే ఈ నాలుగు నెలలు ఎవరికి తెలుస్తాయి?

జవాబు (రిటైరైన చరిత్ర మాస్టారు):
పారేయకు నాయనా. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్సులోని నార్మండీ తీరం మీద మిత్రదేశాలు చేసిన దాడికి ముందురోజు వాళ్ళ సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు, ఓడిపోతే ప్రకటించడానికి. గెలిచారు, దానితో పని పడలేదు. ఇవాళ అది అమెరికాలో, కాన్సాస్‌లోని అబిలీన్‌లో, ఆయన పేరిట ఉన్న గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అందులో కొట్టివేతలు చూడాలి. సేనలను వెనక్కి తీసుకోవడమైంది అన్న అర్థంలో మొదట రాసి, కొట్టేసి, నేనే వెనక్కి తీసుకున్నాను అని దిద్దాడు. తప్పంటూ ఉంటే అది నాదొక్కడిదే అని ముగించాడు. జూన్ 5న రాస్తూ జూలై 5 అని తేదీ వేశాడు. ఆ రోజు ఆ మనిషి మీదున్న బరువు నాకు గెలుపు కబుర్లలో కాదు, ఈ చీటీలోనే కనపడింది.

ఒక్క జాగ్రత్త. పెన్సిల్ రాత లేని కార్డును వందేళ్ళ తర్వాత చూసినవాడు ఆ పెళ్ళి ఆ రోజే జరిగిందనుకుంటాడు. నాన్నగారి చేత ఇప్పుడే రాయించు.

జవాబు (కరీంనగర్ నుంచి):
అన్నా, మా చెల్లె పదో తరగతి హాల్‌టికెట్ ఇప్పటికీ బీరువాలనే ఉంది. మార్చి 19 నుంచి ఏప్రిల్ 6 దాకా పరీక్షలు. మూడు రాసింది, మిగిలినవి జూన్ 8న రద్దు చేసిన్రు. లెక్కల పరీక్షకు పొద్దున నాలుగింటికి లేచి చదివిన పిల్ల. అది మార్కుల మెమోల కనిపించదు. కార్డుల మీద ఫోన్ నంబర్లుంటయి, ఆన్‌లైన్ల మాత్రం పెట్టకు.

ప్రశ్న అడిగినవారు:
ఫోటోలు పెట్టను తమ్ముడూ. మాస్టారూ, ఇవాళ నాన్న పక్కన కూర్చున్నాను. 41లో 26 ఇళ్ళ సంగతి చెప్పగలిగారు. ఒక కార్డు చాలాసేపు పట్టుకుని, "వీళ్ళు అడ్వాన్సు వెనక్కి అడగలేదురా" అన్నారు. అదీ రాశాను.