తట్టు సోకిన బడి: టీకా పడని పిల్లలను 21 రోజులు ఆపడం న్యాయమేనా?

గోదారి మాష్టారు

మా మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు పిల్లలకు తట్టు (మీజిల్స్) సోకినట్టు పరీక్షలో తేలింది. తట్టు, రుబెల్లా రెంటికీ కలిపి వేసే ఎంఆర్ టీకా రెండు డోసులూ పడినట్టు కార్డు చూపలేని పిల్లలు 21 రోజులు బడికి రాకూడదని బడి కమిటీ తీర్మానించింది. ఆ జాబితాలో ఎక్కువమంది ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా వలస కుటుంబాల పిల్లలు. నాకు తీర్మానం సబబుగానే అనిపిస్తోంది. కానీ పిల్లవాడిని ఎవరి మీద వదిలి పనికి వెళ్లాలని ఒక తల్లి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

సబ్‌సెంటర్ సిస్టర్

ఆపాల్సిందే మాష్టారూ. తట్టు వైరస్ గాలిలో వ్యాపిస్తుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా అక్కడి గాలిలో నిలిచి ఉంటుంది. రక్షణ లేని పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిదిమంది దాకా సోకవచ్చు. అసలు చిక్కు మరొకటి ఉంది. దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే పిల్లలు ఇతరులకు అంటిస్తుంటారు. అప్పటికి ఉండేది జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం అంతే. ఏ తల్లయినా మామూలు జలుబనుకుని బడికి పంపుతుంది. అందుకే దద్దుర్లు వచ్చాక ఇంటికి పంపుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది. 21 రోజులన్నది కూడా కమిటీ ఊహించి పెట్టిన లెక్క కాదు. సోకాక దద్దుర్లు బయటపడటానికి అంత కాలం దాకా పట్టవచ్చు.

ఇంట్లో ఉండే పసిపిల్లల సంగతీ ఆలోచించండి. మన దేశంలో మొదటి డోసు 9 నెలలు నిండాకే వేస్తాం, రెండోది 16-24 నెలల మధ్య. ఆరు నెలల పాపకు తన చుట్టూ ఉన్నవాళ్లే రక్షణ.

హనుమకొండ వకీలు

సిస్టర్ గారు చెప్పిన వైద్యంతో నాకు పేచీ లేదు. ఆ తీర్మానం ఎవరి నెత్తిన పడిందో చూడండి. కార్డు లేకపోవడం, టీకా పడకపోవడం ఒకటి కాదు. ఏడాదికి ఒక బట్టీకి మారే కుటుంబం కాగితం ఎక్కడ దాచుకుంటుంది? బడి మానేస్తే ఆ పిల్లవాడికి పోయేది పాఠాలు మాత్రమే కాదు, మధ్యాహ్న భోజనమూ గుడ్డూ కూడా. పోషకాహారం, విటమిన్ ఎ తక్కువైన పిల్లలకే తట్టు ఎక్కువగా ప్రాణాల మీదికి తెస్తుంది. కాపాడాలనుకుంటున్న పిల్లవాడి కంచమే తీసేస్తున్నాం.

పైగా ఆపిన పిల్లలందరూ బట్టీ దగ్గర ఒకే చోట ఆడుకుంటారు. అక్కడ చంకబిడ్డలూ ఉంటారు. బడిలో తగ్గిన ముప్పు బట్టీలో పెరుగుతుంది.

కోవిడ్ టీకాల మీద పిల్లల వైద్యుడు జాకబ్ పులియెల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 మే 2న తీర్పు ఇచ్చింది. టీకా వేసుకోవాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ప్రజారోగ్యం కోసం ఆంక్షలు పెట్టవచ్చు, అయితే అవి సహేతుకంగా, అవసరానికి మించకుండా ఉండాలి. టీకా వేయించుకునే దారి చూపకుండా తలుపు మూయడం ఆ కొలతకు నిలుస్తుందా?

ఇద్దరు పిల్లల నాన్న

మా చిన్నతనంలో అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, పథ్యం పెట్టేవారు. మా ఇంట్లో అందరం బతికే ఉన్నాం. ఒకసారి వస్తే జీవితంలో మళ్లీ రాదంటారు కూడా. టీకా వేశాక పిల్లలకు ఏదో అయిందని ఫోనులో వచ్చిన వార్త చూసి నేను రెండో డోసు వేయించలేదు. నా పిల్లలను గుమ్మం దగ్గర ఆపితే ఊరుకోను.

సబ్‌సెంటర్ సిస్టర్

నాన్నగారూ, మీ భయాన్ని నేను కొట్టిపారేయను. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో ఏం జరిగిందో చెబుతాను. 2018 జూలైలో అక్కడ టీకా వేసిన కాసేపటికే ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. లోపం టీకాలో లేదు. పొడిలో కలపాల్సిన నీటికి బదులు నర్సులు గడువు తీరిన వేరే మందు కలిపారు. కానీ ప్రభుత్వం నెలల తరబడి టీకా కార్యక్రమాన్నే ఆపేసింది, జనానికి నమ్మకం పోయింది. 2019 చివర్లో తట్టు వచ్చింది. సుమారు 2 లక్షల జనాభాలో 5,700 మందికి పైగా సోకింది, 83 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. మీరు భయపడినట్టే ఆ తల్లిదండ్రులూ భయపడ్డారు.

ఒకసారి వస్తే మళ్లీ రాదన్నది నిజమే. అయితే తట్టు శరీరంలోని రోగనిరోధక జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. టీకా పడని పిల్లల మీద జరిగి 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇతర జబ్బులతో పోరాడేందుకు రక్తంలో ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయినట్టు తేలింది. తట్టు తగ్గాక పిల్లలకు నిమోనియా, విరేచనాలు పట్టుకోవడానికి ఇదొక కారణం. మీ పిల్లల పక్క బెంచీలో రక్త క్యాన్సర్‌కు మందులు వాడుతున్న పాప ఉందనుకోండి. ఆమెకు ఈ టీకా వేయకూడదు. ఆమె కోసమైనా రెండో డోసు వేయించండి.

డాలస్ అమ్మ

2025లో పశ్చిమ టెక్సాస్‌లో తట్టు ప్రబలి 762 మందికి సోకింది. ఇద్దరు పిల్లలు చనిపోయారు, ఇద్దరికీ టీకా పడలేదు. నాకు అప్పుడు చంటిపాప ఉంది. వ్యాధి ఉన్న కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) 6 నెలలు నిండిన పిల్లలకు ముందస్తు డోసు వేయమన్నారు. ఇండియాకు ప్రయాణమైనా అదే నియమం. అది లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మళ్లీ రెండు వేయించాలి.

అమెరికాలోనూ టీకా లేని పిల్లలను 21 రోజులు ఆపుతారు. అయితే రోగితో తొలిసారి కలిసిన 72 గంటల్లోపు ఒక డోసు వేయించుకుంటే వెంటనే రానిస్తారు. మాష్టారి బడి తీర్మానంలో ఆ మాటే లేదు.

గురుకుల వార్డెన్

హాస్టళ్లకు ఈ పద్ధతి అసలు కుదరదు. అనుమానం రాగానే పిల్లలను బస్సెక్కించి ఇళ్లకు పంపేస్తుంటారు. ఒక గదిలో ఉన్న వ్యాధి ఆ సాయంత్రానికి పది ఊళ్లకు చేరుతుంది. హాస్టల్లోనే విడిగా ఉంచి, అక్కడికే టీకా తెప్పించాలి.

సబ్‌సెంటర్ సిస్టర్

వార్డెన్ గారి మాట బట్టీలకూ వర్తిస్తుంది. సమోవాలో బడులు మూసేశారు, పిల్లలు గుంపుల్లోకి రాకూడదన్నారు. అయినా డిసెంబరు 5, 6 తేదీల్లో ప్రభుత్వ కార్యాలయాలు మూసి, టీకా పడనివారున్న ఇళ్ల ముందు ఎర్ర గుడ్డ కట్టించి, సిబ్బంది గడప గడపకూ వెళ్లాల్సి వచ్చింది. మన దగ్గర కూడా 2022లో ముంబైలో తట్టు చెలరేగినప్పుడు, ఆ ప్రాంతాల్లో 9 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలకు అదనపు డోసు వేయడాన్ని పరిశీలించమని కేంద్రం సూచించింది.

కార్డు లేకపోతే టీకా పడలేదనే అనుకుని ఒక డోసు వేసేయవచ్చు. ఇదివరకే పడి ఉన్నా అదనపు డోసుతో హాని లేదు. తట్టు సోకిన ఆ ఇద్దరికీ వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇచ్చారో లేదో కూడా కనుక్కోండి.

గోదారి మాష్టారు

రేపటి కమిటీలో మూడు సవరణలు పెడతాను. డోసు పడిన రోజు నుంచే పిల్లవాడిని రానివ్వాలి. 72 గంటలు దాటినవాళ్ల విషయం మండల వైద్యాధికారి తేల్చాలి. ఆపిన పిల్లలకు బియ్యం, గుడ్లు ఇంటికి చేర్చాలి. కూలి పోగొట్టుకునే తల్లికి ఏం చేయాలో మాత్రం ఇంకా తోచలేదు.

హనుమకొండ వకీలు

ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బడిలో సూది వేయకండి. 2019లో ఢిల్లీ హైకోర్టు ఎంఆర్ టీకా విషయంలోనే ఆ మాట స్పష్టంగా చెప్పింది. శిబిరం పగలు బడిలో కాకుండా, పని దిగాక సాయంత్రం బట్టీ దగ్గరే పెట్టండి. అప్పుడు ఏ తల్లీ ఆ రోజు కూలి వదులుకోనక్కర్లేదు. ఒడియాలో వివరించేవాళ్లు లేకుండా వేలిముద్రలు తీసుకుంటే అది సమ్మతి కాదు. అటు బలంగీర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు, రమ్మంటే వస్తారు. ఏ రోజో చెప్పండి.