సిజేరియన్ అయితే మొదటి రోజే తల్లిపాలు పట్టించొచ్చా? ఆసుపత్రిలో ముందే ఏం అడగాలి?

ప్రశ్న:
మా చెల్లికి వచ్చే నెల డెలివరీ, సిజేరియన్ అని ముందే చెప్పేశారు. అదే ఆసుపత్రిలో కాన్పయిన పక్కింటావిడ "మూడో రోజుదాకా పాలు పడవు, డబ్బా పాలే పట్టించారు" అంటోంది. చెల్లికేమో ఆరు నెలలూ తన పాలే ఇవ్వాలని ఉంది. కౌన్సెలింగ్ అని ఒక కరపత్రం ఇచ్చి పంపారు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

స్టాఫ్ నర్సు:
ప్రసూతి వార్డులోనే పనిచేస్తానండి. ముర్రుపాలు కడుపుతో ఉండగానే తయారవుతాయి, మొదటి రోజు బిడ్డకి కొన్ని చుక్కలు చాలు. వెన్నుకి మత్తిస్తే తల్లి మెలకువగానే ఉంటుంది, అందుకని బిడ్డని గంటలోపు రొమ్ము మీద వేస్తారా అని డాక్టర్నే అడగండి. బిడ్డని చంక కిందుగా పట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్లాలి, లేకపోతే పుళ్లు పడతాయి, పాలూ సరిగా రావు. ఇది పక్కన కూర్చుని చూసి సరిచేయాల్సిన పని, రాత్రి డ్యూటీలో ఎవరు చూస్తారో కనుక్కోండి. ఇంకోటి, డబ్బా పాల కంపెనీలు తల్లులకి ఉచిత శాంపిళ్లు ఇవ్వడం 1992 చట్టం ప్రకారం నేరం, ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

ఇద్దరు పిల్లల తల్లి:
చెల్లితోపాటు వాళ్ల అత్తగారినీ కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లండి అక్కా. మా ఇంట్లో తేనె నాకించాలి, గాడిదపాలు పట్టాలి, ఎండాకాలం కదా నీళ్లు తాగించాలి అని గొడవ. ఆరు నెలలదాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదని నర్సమ్మ అత్తయ్యకే ఎదురుగా చెప్పాక, రాత్రిళ్లు నన్ను లేపి బిడ్డని ఒళ్లో పెట్టింది ఆవిడే!

స్టాఫ్ నర్సు:
అవును, పెద్దవాళ్లకి చెప్పడమే ముఖ్యం. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ పాలు చాలలేదనుకోకండి. అయిదో రోజు నుంచి రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. మొదట్లో బరువు కాస్త తగ్గడం మామూలే. కానీ బిడ్డ మగతగా ఉండి తాగకపోయినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. బిడ్డకి షుగర్ పడిపోయిందనో ఇంకేదో కారణంతోనో డాక్టర్ పై పాలు రాస్తే పట్టించండి, చెల్లిని ఎవరూ ఒక్క మాట అనొద్దు, రొమ్ము పట్టించడం మాత్రం మానొద్దు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. ఈసారి చెకప్‌కి అత్తగారినీ మా మరిదినీ వెంటబెట్టుకుని వెళ్తాం, గంటలోపు బిడ్డని ఇవ్వమని డాక్టర్ గారిని అప్పుడే అడిగేస్తాను.